తాడు ఎంత లాగినా స్టార్ట్ కాని గడ్డి మిషన్: కార్బొరేటర్ కొనే ముందు

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. ఇంటి పెరడుతో కలిపి రెండెకరాల మామిడి తోట. మావారికి హైదరాబాదులో ఉద్యోగం, తోట పనులన్నీ నేనే చూసుకుంటాను. మూడేళ్ల కిందట 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్ కొన్నాం. పోయిన నవంబరులో గడ్డి కోసి షెడ్డులో పెట్టాను. కాయ అమ్మకం అయ్యాక చూస్తే తొలకరి వానలకి గడ్డి మోకాలెత్తు లేచింది. మిషన్ తీసి, అప్పట్లో డబ్బాలో మిగిలిన ఆయిల్ కలిపిన పెట్రోలే పోసి తాడు లాగితే స్టార్ట్ కాలేదు. కొత్త ప్లగ్గు తెచ్చి వేశాను. ఒకసారి అందుకుని నిమిషం నడిచి ఆగిపోయింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. భుజం నొప్పి పుట్టేదాకా లాగాను. టౌన్లో మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ‘కార్బొరేటర్ పోయింది, మారిస్తే రెండు వేల దాకా అవుతుంది, పది రోజులు పడుతుంది’ అన్నాడు. ‘ఇవి ఆడవాళ్ల పనులు కావమ్మా’ అని కూడా అన్నాడు. ఇంట్లోనే నేను బాగు చేసుకోగలనా? స్పానర్లు, స్క్రూ డ్రైవర్లు, అలెన్ కీలు ఉన్నాయి. ఇంకో సంగతి, బ్యాటరీ స్ప్రేయర్ కూడా సరిగ్గా కొట్టడం లేదు, మందు ధారగా కారుతోంది.

జవాబు: చెల్లెమ్మా, బాగు చేసుకోగలరు. మిషన్ చూడకుండా ఫోన్లోనే ‘కార్బొరేటర్ పోయింది’ అని చెప్పిన మాట మీద రెండు వేలు పెట్టకండి. కార్బొరేటర్ అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించే భాగం. అసలు జబ్బు ఏమిటో మీ ఉత్తరంలో మీరే రాశారు. నవంబరులో కలిపిన పెట్రోలు జూన్‌లో పోశారు. అంటే ఏడు నెలలు. పైగా మిషన్ ట్యాంకులో, కార్బొరేటర్లో కూడా పాత పెట్రోలు ఏడు నెలలూ అలాగే ఉండిపోయి ఉంటుంది. ఒక నిమిషం నడిచి ఆగిందన్నారు చూశారా, ఆ ముక్క నాకు చాలా ధైర్యం ఇచ్చింది. పిస్టన్ సీజ్ అయిన (ఇరుక్కుపోయిన) ఇంజను, కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పుట్టించే భాగం) కాలిపోయిన ఇంజను ఆ నిమిషం కూడా నడవవు. మీ మిషన్‌కి ఆకలే తప్ప రోగం లేదని నా నమ్మకం. నమ్మకంతో సరిపెట్టుకోకుండా ఒక్కొక్కటే తేల్చుకుందాం.

రిపేరులో డబ్బు పోయేది ఎక్కువగా తొందర వల్లే. మిషన్ కదలకపోతే చేతికి అందిన స్క్రూ విప్పేస్తాం, కనబడిన పార్టు మార్చేస్తాం. మీరు ప్లగ్గు మార్చినట్టు. అది తప్పని కాదు, వంద, నూట యాభైతో పోయింది. కానీ పార్టు మార్చే ముందు ఇంజను దగ్గర ఏం లేదో తెలుసుకోవాలి. ఇంజను నడవాలంటే సిలిండర్లోకి సరైన పెట్రోలు రావాలి, ప్లగ్గులో కరెంటు రావాలి, పిస్టన్ గాలిని గట్టిగా నొక్కగలగాలి. ఈ మూడింట్లో ఏది లేదో తేలితే సగం రిపేరు అయిపోయినట్టే. తేలనప్పుడు ఎన్ని పార్టులు మార్చినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్నది తర్వాత, విప్పదీసేది అన్నిటికంటే ఆఖరున. నేను రాసిన వరసలోనే చేయండి.

మొదలుపెట్టే ముందు ప్లగ్గు మీది రబ్బరు టోపీ పీకేయండి. బ్లేడు మీద చేయి వేసే ప్రతిసారీ ఇది చేయాలి. ఇంజను చల్లగా ఉండాలి. పని ఆరుబయట నీడలో పెట్టుకోండి, వంటగది వైపు వద్దు, దేవుడి దగ్గర దీపం వెలుగుతున్న వరండాలో అసలే వద్దు. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు, నేల మీద పాకుతూ వెళ్లి దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది.

ఇక పెట్రోలు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సీజను మొదట్లో మొరాయించే గడ్డి మిషన్లలో చాలావాటికి మందు ఇక్కడే ఉంది. పెట్రోల్లో తేలిగ్గా ఆవిరయ్యే భాగమే ఇంజను త్వరగా అందుకునేలా చేస్తుంది. మూత సరిగ్గా బిగించని డబ్బాలో, వేసవి ఎండకి కాగే రేకుల షెడ్డులో ఆ భాగం ముందుగా పోతుంది. మిగిలింది మంటకి బద్ధకిస్తుంది. కార్బొరేటర్ లోపల మిగిలిన చుక్కలు ఎండిపోయి పసుపు రంగు జిగురులా గట్టిపడి సన్నని రంధ్రాలు మూసేస్తాయి. దానికి తోడు ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్ ఉంటోంది. 2003లో 5 శాతంతో మొదలైన పద్ధతి ఇది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పేరుకుంటాయి. ట్యాంకులో పెట్రోలు పీల్చే ఫిల్టరు ఉండేదీ అడుగునే కాబట్టి ఇంజనుకి ముందు అందేది ఆ నీళ్లే. రోజూ తిరిగే బండిలో పెట్రోలు ఎప్పటికప్పుడు ఖర్చవుతుంది కాబట్టి ఈ బాధ పెద్దగా తెలియదు. ఏడాదిలో కొన్ని నెలలే పనిచేసే గడ్డి మిషన్‌కి ఇదే పెద్ద శత్రువు. పాత మోడళ్లలో రబ్బరు పైపులు, పల్చటి రబ్బరు పొరలు కూడా ఇథనాల్‌కి గట్టిబడి చిట్లుతుంటాయి.

మీ డబ్బాలో పెట్రోలు కొంచెం గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచి చూడండి. ఘాటు తగ్గి పాత వార్నిష్ వాసన వస్తున్నా, రంగు ముదిరినా, అడుగున వేరే పొర కనబడినా అది పనికిరాదు. ఏమీ కనబడకపోయినా ఏడు నెలల పెట్రోలు మళ్లీ పోయొద్దు. ట్యాంకులోదీ డబ్బాలోదీ పూర్తిగా తీసేయండి. చెట్టు మొదట్లో, కాలవలో, బావి గట్టు దగ్గర పారబోయకండి, చెత్త అంటించడానికీ వాడకండి. ఏదైనా వర్క్‌షాపులో ఇస్తే పార్టులు కడుక్కోవడానికి తీసుకుంటారు.

కొత్త పెట్రోలు కలిపేటప్పుడు అంచనా లెక్క వద్దు. మీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలోనో, ట్యాంకు మూత మీదో 25:1 అనో 40:1 అనో 50:1 అనో ఉంటుంది. 25:1 అయితే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకి పెట్రోల్లో కలిపేది), 40:1 అయితే 25, 50:1 అయితే 20. మందుల షాపులో సిరంజి కొనుక్కుంటే కొలత చక్కగా వస్తుంది. మూత లెక్కన పోయడం అలవాటున్నవాళ్లు చాలామంది ఉన్నారు, మూతలన్నీ ఒకే సైజులో ఉండవు. ఆయిల్ తక్కువైతే పిస్టన్ గీతలు పడి సీజ్ అవుతుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి పొగ వస్తుంది. రెండింట్లో మొదటిదే ప్రాణాంతకం. మోటార్ సైకిల్ ఇంజన్ ఆయిల్ పనికిరాదు, 2టి అని రాసినదే కావాలి. సగం పెట్రోల్లో ఆయిల్ మొత్తం పోసి బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పోయండి. నెలలో ఎంత ఖర్చవుతుందో అంతే కలుపుకోండి. డబ్బా మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాయండి.

ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే లోపలి ఫిల్టరు చూసేయండి. వంచిన తీగ ముక్కతో పైపును మూత దగ్గరికి లాగితే చివర చిన్న బరువైన ఫిల్టరు కనబడుతుంది. నల్లబడి జిగటగా ఉంటే మార్చండి, యాభై అరవై రూపాయల వస్తువు. ట్యాంకులోకి వెళ్లే రెండు పైపుల్లో ఒకటి పెట్రోలు తీసుకెళ్లేది, రెండోది మిగిలింది తిరిగి తెచ్చేది. వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనబడినా, ప్లాస్టిక్ పుల్లలా బిర్రబిగిసినా రెండూ మార్చండి. మార్చేటప్పుడు ఒకదాని చోట ఒకటి పెట్టకుండా ముందే ఫోన్లో ఫోటో తీసుకోండి.

ఇప్పుడు కొత్త పెట్రోలు పోసి, కార్బొరేటర్ దగ్గరుండే రబ్బరు బుడ్డను నెమ్మదిగా నొక్కండి. ఆ చిన్న బుడ్డ చాలా విషయాలు చెబుతుంది. నొక్కి వదిలాక వెంటనే ఉబ్బి, పది సార్లలోపు పెట్రోలుతో నిండితే దారి బాగుంది. సొట్టపడి అలాగే ఉండిపోతే పీల్చే దారి మూసుకుపోయింది, ముందు ఫిల్టరు చూడాలి. అసలు నొక్కుడు పడకుండా గట్టిగా ఉంటే తిరిగి వచ్చే పైపు మూసుకుంది. ఎంత నొక్కినా బుడగలే వస్తుంటే ఎక్కడో పైపు చిట్లింది, లేదా బుడ్డకే చిల్లు పడింది.

పెట్రోలు వచ్చిందా? ప్లగ్గు టోపీ తిరిగి పెట్టండి. మిషన్‌ని చదునైన నేల మీద, బ్లేడు దేనికీ తగలకుండా పడుకోబెట్టి, ఎడమ చేత్తో గట్టిగా అదిమి పట్టండి. చోక్ (కార్బొరేటర్లోకి వెళ్లే గాలిని తగ్గించే మీట) మూసి తాడు లాగండి. ముందు నెమ్మదిగా లాగితే ఒకచోట బిగువు తగులుతుంది, అక్కడినుంచి చురుగ్గా లాగాలి. మొత్తం తాడు చివరికంటా లాగొద్దు, చేయి వదిలేసి తాడు తనంతట తాను కొట్టుకుంటూ వెళ్లేలా చేయొద్దు. ఇంజను ఒక్కసారి ‘బుర్’మన్న వెంటనే చోక్ తెరిచేసి మళ్లీ లాగండి. చాలామంది ఆ మొదటి శబ్దాన్ని గమనించరు. చోక్ మూసే పది పదిహేను సార్లు లాగుతారు, పెట్రోలు సిలిండర్లో నిండిపోతుంది, ఇక ఆ పూటకి భుజం నొప్పే మిగులుతుంది. మీ విషయంలోనూ పాత పెట్రోలుకి ఇది తోడై ఉండొచ్చు.

అంతలా లాగినా అందుకోకపోతే ప్లగ్గు విప్పి చూడండి. తడిగా, పెట్రోలు కారుతూ ఉంటే ఓవర్‌ఫ్లో అయింది. ప్లగ్గు తీసేసి, బుడ్డ నొక్కకుండా, చోక్ తెరిచి, రేజ్ పూర్తిగా ఇచ్చి, మిషన్‌ని ప్లగ్గు రంధ్రం కిందికి వచ్చేలా వంచి ఏడెనిమిది సార్లు తాడు లాగితే నిండిన పెట్రోలు బయటికి పోతుంది. ఆ సమయంలో టోపీని రంధ్రానికి దూరంగా పెట్టాలి. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించండి. లైటరుతో ప్లగ్గు కాల్చి ఆరబెట్టడం కొందరి అలవాటు. పెట్రోలు అంటిన చేతులతో, పక్కన తెరిచిన ట్యాంకుతో ఆ పని ఎన్నడూ చేయకండి.

ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు, అప్పుడే కార్బొరేటర్ మాట. తడిగా ఉండి కూడా అందుకోకపోతే కరెంటు మాట. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం అనవసర ఖర్చు తప్పుతుంది. ఆ మెకానిక్ మిమ్మల్ని ‘ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా’ అని అడిగి ఉంటే అతని మాట వినమనేవాణ్ని.

కరెంటు చూడటం తేలిక. ట్యాంకు మూత బిగించి, ఒలికిన పెట్రోలు తుడిచేసి, అది ఆవిరయ్యేదాకా ఆగండి. ప్లగ్గును టోపీకి తగిలించి, ప్లగ్గు ఇనుప భాగం సిలిండర్ రెక్కలకి గట్టిగా ఆనేలా రబ్బరు పిడి కటింగ్ ప్లేయరుతో పట్టుకోండి. ప్లగ్గు రంధ్రానికి వీలైనంత దూరంలో ఉండాలి. స్విచ్ ఆన్‌లో పెట్టి ఇంకొకరిని తాడు లాగమనండి. నీడలో చూస్తే నీలం రంగు మెరుపు కనబడాలి. పసుపుగా బలహీనంగా ఉంటే ప్లగ్గు సందు చూడండి, 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటే చాలా మిషన్లకి సరిపోతుంది. కొత్త ప్లగ్గు కదా అని వదిలేయొద్దు. కొత్తది కిందపడి సందు మూసుకుపోయినా, బండి ప్లగ్గు ఇచ్చేసినా తేడా వస్తుంది. పాత ప్లగ్గు మీది నంబరుతో పోల్చుకోండి.

మెరుపు అసలే రాకపోతే కాయిల్ కొనేయకండి. హ్యాండిల్ మీదున్న ఆన్ ఆఫ్ స్విచ్‌ని అనుమానించండి. ఈ స్విచ్ పని ఇంజనుకి కరెంటు ఇవ్వడం కాదు, కాయిల్ కరెంటును బాడీకి కలిపి ఇంజనును ఆపడం. వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకి తగిలినా, స్విచ్ లోపల మట్టి, తుప్పు పట్టినా ఎప్పుడూ ఆఫ్‌లో ఉన్నట్టే లెక్క. షెడ్డులో ఎలుకలు వైరు కొరికి ఉండొచ్చు కూడా. కాయిల్ దగ్గర స్విచ్ వైరు క్లిప్పు పీకి మళ్లీ చూడండి. మెరుపు వస్తే తప్పు స్విచ్‌దో వైరుదో అని తేలింది, కొత్త స్విచ్ వంద రెండొందల్లో వస్తుంది. వైరు పీకి ఉండగా ఇంజను స్టార్ట్ అయితే స్విచ్‌తో ఆగదు, చోక్ మూస్తే ఆగిపోతుంది. ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. వైరు పీకినా మెరుపు రాకపోతే ఇంజనుతో తిరిగే చక్రం మీది అయస్కాంతానికీ కాయిల్‌కీ మధ్య సందు సరిచూడాలి. అది 0.3 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, మామూలు విజిటింగ్ కార్డు మందం. అయస్కాంతం కాయిల్ ఎదురుగా వచ్చేలా తిప్పి, మధ్యలో కార్డు పెట్టి, కాయిల్ స్క్రూలు వదులు చేస్తే అదే అతుక్కుంటుంది. బిగించి కార్డు లాగేయండి. అప్పటికీ రాకపోతే మాత్రం కాయిల్ కొనొచ్చు.

మీ మిషన్‌లో నేను ఎక్కువగా అనుమానించేది కార్బొరేటర్‌లో గట్టిపడిన జిగురు. మెకానిక్ అన్నదే కదా అనుకోకండి. పోవడం వేరు, మూసుకోవడం వేరు. మూసుకున్నదాన్ని కడిగితే చాలు. ఎయిర్ ఫిల్టరు కవరు తీసి, స్పాంజిని సబ్బు నీళ్లలో ఉతికి ఆరేయండి. దాని వెనకున్న రెండు పొడుగు స్క్రూలు విప్పితే కార్బొరేటర్ చేతికొస్తుంది. పైపులు, రేజ్ వైరు ఊడదీసే ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. తెల్ల గుడ్డ పరిచి దాని మీద పని చేయండి, ఇందులో స్ప్రింగులు, పిన్నులు బియ్యపు గింజంత ఉంటాయి.

అడుగు భాగంలో నాలుగు చిన్న స్క్రూలు విప్పితే పల్చటి నల్ల రబ్బరు పొర కనబడుతుంది. దాన్నే డయాఫ్రమ్ అంటారు. వెలుతురుకి పట్టి చూడండి. మెత్తగా, సాగుతూ ఉంటే మంచిదే. అట్టముక్కలా బిగిసినా, ముడతలు పడినా, సూది బెజ్జమంత చిల్లున్నా మార్చాల్సిందే. డయాఫ్రమ్, వాషర్ల కిట్టు విడిగా దొరుకుతుంది, మీ మోడల్ పేరు చెప్పి అడగండి. ప్రతి పొర తీసినప్పుడూ ఏది పైన ఏది కింద అని ఫోటో తీయడం మర్చిపోవద్దు. వాషరూ డయాఫ్రమూ వరస తారుమారైతే ఎంత శుభ్రం చేసినా మిషన్ నడవదు, లోపం ఎక్కడుందో ఎవరికీ అంతుచిక్కదు.

రబ్బరు పొరలన్నీ పక్కన పెట్టాకే కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టాలి. ఆ మందు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి ఎగిరి సూటిగా కంట్లో పడుతుంది. ప్రతి రంధ్రంలోనూ కొట్టి పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ కొట్టండి. ఒకవైపు కొడితే ఇంకోవైపు సన్నని ధార వస్తే దారి తెరుచుకుంది. మూసుకున్న రంధ్రాన్ని సూదితోనో గుండుసూదితోనో పొడవొద్దు, అది వెడల్పయితే ఆ కార్బొరేటర్ ఇక ఎప్పటికీ సరిగ్గా పనిచేయదు. కరెంటు వైరులో ఉండే రాగి పోగు ఒక్కటి తీసి నెమ్మదిగా తిప్పుతూ పోనివ్వండి. లోపల సన్నని జాలీ ఉంటే దాన్నీ కడగండి. పంక్చరు షాపు గాలి పట్టిద్దామనుకుంటే డయాఫ్రమ్‌లు బిగించక ముందే పట్టించాలి. పక్కన స్ప్రింగుతో ఉన్న చిన్న స్క్రూలను తిప్పకుండా వదిలేయండి. అవి మిషన్ నడిచాక సవరించుకునేవి.

ఇలా కడిగి బిగించి, రెండుసార్లు చూసినా పెట్రోలు లోపలికి రాకపోతే కొత్త కార్బొరేటర్ కొనండి. మీరు చెప్పిన 52 సీసీ రకానికి ఆన్‌లైన్‌లో మామూలుగా వెయ్యి లోపే దొరుకుతుంది. అప్పటికి విప్పడం, బిగించడం మీ చేతికి వచ్చేసి ఉంటుంది కాబట్టి మార్చడం పెద్ద పని కాదు.

ఇక స్టార్ట్ అయి నిమిషంలో ఆగిపోయే జబ్బు. కొత్త పెట్రోలుతో కూడా అలాగే జరిగితే, ఆగిన వెంటనే ట్యాంకు మూత కొంచెం వదులు చేయండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, తర్వాత మిషన్ అందుకుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి, రాకపోతే పెట్రోలు కదలదు. మూత తీసి కడిగితే పోయే జబ్బు ఇది. చోక్ సగం మూస్తేనే నడుస్తూ, తెరిస్తే ఆగిపోతుంటే కార్బొరేటర్‌లో ఇంకా మురికి ఉంది, లేదా దాన్ని పట్టుకున్న స్క్రూలు వదులై పక్కనుంచి గాలి పీలుస్తోంది. నడుస్తుంది కానీ గడ్డికి తగిలితే నీరసపడుతోందా? సైలెన్సర్ విప్పి చూడండి, పొగ పోయే దారిలో మసి గట్టిపడి ఉంటుంది. చెక్క పుల్లతో గీకండి, ఇనుప స్క్రూ డ్రైవరు పిస్టన్‌కి తగలనివ్వొద్దు.

సైలెన్సర్ విప్పినప్పుడు టార్చి వేసి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడండి. నున్నగా ఉంటే నిశ్చింత. నిలువుగా లోతైన గీతలుంటే ఎప్పుడో ఆయిల్ తక్కువై రాసుకుపోయింది. ప్లగ్గు బిగించి ఉన్నా తాడు ఏ బిగువూ లేకుండా జారిపోతున్నా అదే సంగతి, పిస్టన్ నొక్కడం లేదు. ఆ పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. పిస్టన్, రింగులు, బోరు చూసి చెప్పగలిగిన మంచి మెకానిక్‌కి ఇవ్వండి, ఖర్చు ముందే అడగండి. మిషన్ ఖరీదులో సగం దాటేలా ఉంటే కొత్తది కొనడమే మేలు. తాడు చుట్టుకునే స్టార్టరు లోపలి స్ప్రింగు కూడా మొదటిసారి ఒంటరిగా విప్పకండి, ఒక్కసారిగా విచ్చుకుని ముఖానికి కొడుతుంది.

మిషన్ నడిచాక ఖాళీ రేజ్‌లో బ్లేడు ఆగి ఉండాలి. తిరుగుతుంటే రేజ్ స్క్రూ కొంచెం తగ్గించండి. తగ్గించినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు తెగింది, అది మార్చకుండా తోటలోకి దిగొద్దు. బ్లేడు విప్పేటప్పుడు ఒక సంగతి. బ్రష్ కట్టర్ బ్లేడు నట్టుకి ఎదురు మర. మామూలు నట్టులా ఎడమకి తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది, కుడికి తిప్పితే వదులవుతుంది. తెలియక పైపు పెట్టి తిప్పి గేరు పాడుచేసినవాళ్లను చాలామందిని చూశాను. గేరు డబ్బా పక్కనున్న బోల్టు తీసి పాతిక గంటల పనికి ఒకసారి గ్రీజు పెట్టండి. పగిలిన బ్లేడుకి వెల్డింగు చేయించడం అనే మాటే వద్దు, ఆ వేగంలో విరిగిన ముక్క కాలి ఎముక దాకా దిగుతుంది. కోసేటప్పుడు కళ్లద్దాలు, బూట్లు వేసుకోండి, 15 మీటర్ల లోపల పిల్లలు, పశువులు లేకుండా చూసుకోండి. మామిడి మొక్కల మొదళ్ల చుట్టూ మూరెడు జాగా కొడవలితోనే తీయండి. బ్లేడు బదులు బిగించే నైలాన్ దారం లేత బెరడును చుట్టూ ఒలిచేస్తే ఆ మొక్క ఎండిపోతుంది. డ్రిప్పు పైపులు కూడా గడ్డిలో కనబడవు, ముందే పక్కకి జరుపుకోండి.

స్ప్రేయర్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మోటారు చప్పుడు గట్టిగా ఉండి మందు ధారగా కారుతుంటే నాజిల్‌లో చెత్త ఉంది, లేదా నాజిల్ అరిగింది. నాజిల్, పిడిలోని జాలీ, ట్యాంకు అడుగు ఫిల్టరు మూడూ విప్పి కడగండి. గ్లౌజులు వేసుకోండి. నాజిల్‌ని నోటితో ఊదడం మన పొలాల్లో అందరూ చేసే పని, దయచేసి మీరు చేయకండి, మీ దగ్గర పనిచేసేవాళ్లనూ చేయనివ్వకండి. అది పురుగుమందును నేరుగా నోట్లోకి తీసుకోవడమే. పాత టూత్ బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. చప్పుడే నీరసంగా ఉంటే బ్యాటరీ చూడాలి. పూర్తిగా ఛార్జి చేసి కొన్ని గంటలు వదిలేశాక, 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 పైన చూపించాలి. మోటారు ఆన్ చేయగానే 11 కిందికి పడిపోతుంటే బ్యాటరీ అయిపోయింది. సీజను లేనప్పుడు కూడా నెలకోసారి ఛార్జి పెడితే ఎక్కువ కాలం వస్తుంది.

ఆడవాళ్ల పని కాదన్న మాటకి కూడా జవాబివ్వాలి. ఇందులో బలంతో చేసే పని తాడు లాగడం ఒక్కటే, అది మీరు భుజం నొప్పి పుట్టేదాకా చేశారు. మిగిలిందంతా ఓపికగా చూడటం, గుర్తుపెట్టుకోవడం, చిన్న వస్తువులు పోగొట్టుకోకుండా వరసగా బిగించడం. రెండెకరాల తోటను, కాయ బేరాన్ని నడుపుతున్న మనిషికి ఇవి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఈ ఏడాది ఆఖరి కోత అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. ప్లగ్గు తీసి రంధ్రంలో రెండు మూడు చుక్కలు 2టి ఆయిల్ వేసి, తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి, ప్లగ్గు బిగించి షెడ్డులో నేలకి తగలకుండా వేలాడదీయండి. ఇవన్నీ చేసినా ఈ వారం మిషన్ మాట వినకపోతే మళ్లీ రాయండి. అప్పుడు ప్లగ్గు తడిగా ఉందా పొడిగా ఉందా, దాని రంగేమిటి, మెరుపు వచ్చిందా, బుడ్డ ఎలా నిండింది, తాడులో బిగువు ఉందా, ఈ సంగతులు రాస్తే చాలు, ఎక్కడ ఆగిందో ఇక్కడినుంచే చెప్పగలను.